అడగకుండా ఉంచుకున్నది

అత్తయ్య పోయిందన్న కబురు నాకు తెనాలి స్టేషన్లో తెలిసింది. పొద్దున్నే బడికి వెళ్ళడానికి బండి కోసం నిలబడి ఉన్నాను. రేపల్లె నుంచి వచ్చిన బండిలోంచి అత్తయ్య అల్లుడు దిగాడు. చేతిలో సంచి కూడా లేదు, భుజం మీద తువ్వాలు ఒక్కటే ఉంది. నన్ను చూసి గబగబా వచ్చి, "మీ ఇంటికే వస్తున్నానండి. అత్తయ్య గారు పోయారు. నిన్న పొద్దున లేపుదామని వెళ్తే లేవలేదండి," అన్నాడు. నేను ఎక్కాల్సిన బండి వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. అతను నాకు టీ ఇప్పించి, తాగమని బతిమాలి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. పోయింది అతని అత్తగారు, ఓదార్పులు నాకు.

నిజానికి ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. మాది తెనాలి, టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను రేపల్లె వేశారు. ఆ రోజుల్లో పెళ్ళికాని పిల్లకి గది అద్దెకివ్వాలంటే సవాలక్ష ప్రశ్నలు వేసేవాళ్ళు. మీదే ఊరు, మీరెవరు, మీ నాన్న ఏం చేస్తాడు, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరతావు అని. అత్తయ్య ఒకటే అడిగింది. "పెందలాడే లేస్తావా?" లేస్తానన్నాను. "అయితే వాకిలి సగం నువ్వు ఊడ్చు," అని వీధి గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేను మర్యాదగా "ఇంటావిడ గారూ" అని పిలిస్తే ముఖం చిట్లించింది. "ఇంటావిడ ఏంటే, జప్తు చెయ్యడానికి వచ్చిన దానిలాగా. అత్తయ్యా అను. మీ తెనాల్లో అత్తయ్యలు ఉండరా?"

ఆ రోజుల్లో ఆవిడకి అడగడం అనేదే చేతకాదు. నా గదిలోకి నేరుగా వచ్చేసి దువ్వెన పట్టుకుపోయేది. ఉతకాల్సిన నా చీరలు నాకు చెప్పకుండా ఉతికి ఆరేసేది. నేను చదువుకుంటూ ఉంటే వెనక నుంచి వచ్చి జడ విప్పి నూనె పెట్టేది. నాకు ఒళ్ళు మండేది. నాలుగు రోజులు చూసి అయిదో రోజు గొళ్ళెం పెట్టుకున్నాను. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి గొళ్ళెం తీసి లోపలికొచ్చి, "తలుపు పడిపోయింది చూసుకోలేదా," అంది. అలాంటి మనిషి.

భట్టిప్రోలు పక్కన వాళ్ళకి మాగాణి ఉండేది. మామయ్య మాటా పలుకూ లేని మనిషి, పొలం నుంచి వచ్చి తిని పడుకునేవాడు. కూతురు చిన్నపిల్ల, బడికి వెళ్ళేది. పెద్దవాడు అబ్బాయి. చదువు అయిపోయి బాపట్లలో ఒక విత్తనాల దుకాణంలో గుమాస్తాగా కొత్తగా చేరాడు. సెలవు దొరికితే చాలు రేపల్లె వచ్చేసేవాడు. వాడు స్టేషన్లో వదిలి వెళ్ళే సైకిలు తీసుకుని, బెల్లు కొట్టుకుంటూ వీధి మలుపు తిరిగితే అత్తయ్య పొయ్యి మీద ఉన్నది మాడిపోయినా వాకిట్లోకి పరిగెత్తేది. నన్ను ఎదురుగా టీచరు గారూ అనేవాడు. వెనకాల బెత్తం అంటాడని చిన్నపిల్ల నాకు మోసేది.

నూర్పిళ్ళ రోజుల్లో ఒకసారి అలా వచ్చి, వెళ్ళే రోజు పొద్దున తల్లితో గొడవ పెట్టుకున్నాడు. హోటలు కూడు పడటం లేదు, నాలుగు రోజులు బాపట్ల వచ్చి వండి పెట్టమన్నాడు. "ధాన్యం కల్లంలో ఉంటే ఇల్లొదిలి నీకు వంట చెయ్యమంటావా? మీసాలొచ్చాయి, గంజి కాచుకోవడం రాదా? పెళ్ళి చేసుకో, ఆ వచ్చేది వండి పెడుతుంది పో," అంది అత్తయ్య. అది ఏ తల్లయినా అనే మాటే. వాడు పెరుగన్నం కంచం పక్కకి తోసేసి లేచి వెళ్ళిపోయాడు. తెనాల్లో బండి మారి బాపట్లలో దిగాడట. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని, లేవలేకపోయాడట. ఎవరో పుణ్యాత్ములు పట్నంలో ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఆ ఆస్పత్రి పేరు నేను రాయను. అత్తయ్య కూడా ఎప్పుడూ పేరు పెట్టి అనలేదు. "ఆ మేడ" అనేది.

ఏ జబ్బూ లేని కుర్రాడు ఉన్నట్టుండి పోయాడు కనక పోలీసులు శవపరీక్ష జరగాలన్నారు. మామయ్య వెళ్ళి ఏదో కాయితం మీద సంతకం పెట్టి కొడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. తెల్ల గుడ్డలో చుట్టి ఇచ్చారు. కుట్లు కనపడతాయని ఆడవాళ్ళని విప్పనివ్వలేదు. అత్తయ్య ముఖం ఒక్కటే కడిగింది. కాలవ అవతల దహనం చేశారు. పెనుమూడి రేవులో బూడిద కలిపారు.

చిన్నదినం నాడు కాలవగట్టున విస్తరి వేశాం. పులిహోర, గుత్తి వంకాయ, చేపల పులుసు, వాడికి ఇష్టమైనవన్నీ పెట్టాం. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిందని, అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి గట్టిగా మాట ఇవ్వాలి. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి. మామయ్య, "చెల్లిని బాగా చదివిస్తాంరా," అన్నాడు. చుట్టాల్లో ఒకాయన, "నీ సైకిలు ఎవరికీ ఇవ్వంలేరా," అన్నాడు. కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. ఆఖరికి అత్తయ్య విస్తరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "తినకుండా పంపించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నా మీద కోపం పెట్టుకోకురా," అంది. ఒక కాకి లేచి అవతలి గట్టుకి ఎగిరిపోయింది. దాని వెనకే మిగతావీ పోయాయి. విస్తరి తీసి కాలవలో వదిలేశారు.

నాకు కాకుల మీద నమ్మకం లేదు. ఆ వేళ వాటికి ఆకలి లేకపోయి ఉంటుంది, లేదా అవతల ఏదో చచ్చి పడి ఉంటుంది. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. అందరం ఇంటికి వచ్చాం కానీ, కొడుకు తన మీద అలిగి వెళ్ళిపోయాడన్న మాట ఆవిడ మనసులో నాటుకుపోయింది. రోజూ పొద్దున కంచంలో పెరుగన్నం కలిపి గడప దగ్గర పెట్టి కాసేపు చూసేది. తర్వాత దూడకి పెట్టేది. గాలి వీస్తే సైకిలు బెల్లు సన్నగా మోగేది. మామయ్య దాన్ని విప్పి అటక మీద పడేశాడు. అది లేకపోయినా మోగినట్టే ఉండేది నాకు కూడా. బడి నుంచి వచ్చి వీధి మలుపు తిరగాలంటే భయం వేసేది, నా కంటే ముందు ఇంకెవరో ఇంట్లోకి వెళ్ళినట్టు అనిపించేది. దయ్యాలు లేవని పిల్లలకి పాఠం చెప్పే దాన్ని నేను.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా, ఒక రోజు అత్తయ్య బియ్యం చెరుగుతూ అడిగింది. "టీచరమ్మా, కోసిన వాళ్ళకి కడుపులో ఏముందో తెలుస్తుందా?"

"తెలుస్తుందత్తయ్యా."

"అయితే పోదాం పద. వాడు తిని పోయాడో తినకుండా పోయాడో కనుక్కోవాలి."

వద్దని మామయ్య అన్నాడు, నేనూ అన్నాను. ఆవిడ చేట కింద పెట్టి చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

ఆ మేడలో మాకు దొరికిన డాక్టరు చిన్నవాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఎంత బిజీగా ఉన్నా మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఫలానా అని చెప్పగానే, "ఆ కేసు నాకు బాగా గుర్తమ్మా," అన్నాడు. అత్తయ్య తను అడగాలనుకున్నది అడిగింది. ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, "తిన్నాడమ్మా. ఇడ్లీ తిన్నాడు. దారిలో ఎక్కడో తిని ఉంటాడు," అన్నాడు.

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తెనాల్లో బండి మారేటప్పుడు తిన్నాడన్న మాట. అక్కడి ఇడ్లీ వాడికి ఇష్టం. ఏడుస్తూనే ఆ విషయం ఆయనకి చెప్పింది.

ఆ ఏడుపు చూసి డాక్టరుకి ఇంకొంచెం ఓదార్చాలనిపించింది. "మీ తప్పేమీ లేదమ్మా. పుట్టుకతోనే గుండెలో లోపం ఉంది. అలాంటిది చాలా అరుదు. అందుకే జాగ్రత్తగా తీసి ఉంచాం. మందునీళ్ళలో పెట్టాం, ఎన్నేళ్ళయినా చెడదు. దాన్ని చూసి మా స్టూడెంట్లు నేర్చుకుంటున్నారు. మీ అబ్బాయి గుండె మా దగ్గర భద్రంగా ఉందమ్మా," అన్నాడు. మీ అబ్బాయికి క్లాసులో ఫస్టు వచ్చిందని నేను తల్లిదండ్రులకి చెప్పేటప్పుడు నా గొంతు కూడా అలాగే ఉంటుంది.

అత్తయ్య ఏడుపు ఆగిపోయింది. నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని ఉన్నట్టుండి నవ్వింది. "అయితే నా మీద కోపం కాదే. వాడసలు పూర్తిగా ఇంటికే రాలేదు. రాకుండా ఎట్టా ముడతాడు?" అంది. ఏడాది పాటు మోసిన బరువు ఆ మెట్ల మీద దింపేసింది. నాకూ సంతోషమే వేసింది, దాచుకోవడం ఎందుకు. ఆఖరి మెట్టు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి మళ్ళీ మెట్లన్నీ ఎక్కి డాక్టరు గది గుమ్మంలో నిలబడింది.

"ఎవర్నడిగి తీశారు బాబూ?"

ఆయన తెల్లబోయాడు. "మీ ఆయన సంతకం పెట్టారమ్మా."

"శవాన్ని ఇస్తారని పెట్టాడు. ఇంగ్లీషులో ఉన్న కాయితం. అందులో మా వాడి గుండె మీరు ఉంచుకుంటారని ఉందా?"

లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. "మీకు చెప్పకూడదని కాదమ్మా. చెప్తే బాధపడతారని."

"చెప్పకపోతే పడలేదా? ఇచ్చెయ్యి బాబూ, తీసుకుపోతా."

తన చేతుల్లో లేదన్నాడు. పైవాళ్ళని అడిగితే అది ఆస్పత్రి సొత్తన్నారు. దారంతా ఆవిడ ఆ మాటే నెమరు వేసుకుంది. "సొత్తంట. విన్నావా? సొత్తంట."

ఇంటికి వచ్చి మామయ్యకి చెబితే ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక మాట పలకడానికి అందరికీ నాలుక తడబడేది. గుండె రాయి చేసుకోవాలి వదినా అని ఒకావిడ ఓదార్చబోయి సగంలో నోరు మూసుకుంది. ధాన్యం వ్యాపారి గురించి చెబుతూ వాడు గుండెలు తీసిన బంటు అన్న పెద్దాయన చెంబుతో మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయాడు. మన మాటల్లో అదెంత తరచుగా వస్తుందో నాకు అంతకు ముందు తెలియదు. అత్తయ్య మాత్రం వేరే ఆలోచనలో ఉండేది. ముసురు పట్టిన రోజుల్లో వాన వంక చూస్తూ, "అంతా అగ్గిలో పోయింది. అదొక్కటే నీళ్ళలో నానుతా ఉంది. చలెయ్యదూ?" అనేది. నేనేం చెబుతాను? వెయ్యదత్తయ్యా అనేదాన్ని. అని, నా గదిలోకి వెళ్ళి దుప్పటి కప్పుకునేదాన్ని.

ఇంకొకటి కూడా మారింది. ఆవిడ నా గది గుమ్మం దగ్గర ఆగి, "రావచ్చా?" అనడం మొదలుపెట్టింది. సొంత ఇంట్లో. దువ్వెన కావాలంటే అడిగేది. నూనె గిన్నె పట్టుకుని నిలబడి, "జడ విప్పనా?" అనేది. ఎన్నేళ్ళుగానో ఆవిడకి ఈ బుద్ధి రావాలని కోరుకున్న నేను, ఆ అడగడం వినలేక తలుపు బార్లా తీసి ఉంచేదాన్ని. కిటికీలోంచి చెయ్యి పెట్టి గొళ్ళెం తీసే మనిషి మళ్ళీ రాలేదు.

గుండె ఇవ్వమని అడగడానికి ఆవిడ ఆ మేడకి తిరుగుతూనే ఉంది. వీలైనప్పుడల్లా నేను తోడు వెళ్ళేదాన్ని. అక్కడి వరండాలో అడవులదీవి నుంచి వచ్చిన ఒక చేపలావిడ కలిసింది. ఆమె భర్త పడవ మీద నుంచి పడి పోతే ఇక్కడే కోశారు. వాళ్ళలో శవానికి పెళ్ళామే స్నానం చేయిస్తుంది. "పొట్ట మీద చెయ్యేస్తే లోపలికి పోయిందక్కా. ఖాళీ సంచిలా ఉంది. గోనె కుట్టినట్టు కుట్టారు," అని చెప్పింది. లోపలివి పరీక్షకి పంపారని, పంపినవి తిరిగి రావని ఆమెకి ఎవరూ చెప్పలేదు. తర్వాత తెనాలి నుంచి రైల్వే గార్డుగా రిటైరైన ఒకాయన కలిశాడు. ఆయన భార్యది మెదడు తీసుకున్నారు. ఆయనకి కాంపౌండరు ఒకడు నవ్వుతూ చెప్పాడట.

ఈ ముగ్గురూ కలిసి చేసిన పని చెబితే చాలా చిన్నదిగా ఉంటుంది. ఊరేగింపులు లేవు, జెండాలు లేవు. శవాల గది బయట ఒక రాతి బెంచీ ఉంది. దాని మీద మంచినీళ్ళ కూజా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకరికి కుదరకపోతే ఇంకొకరు. శవం కోసం వచ్చిన వాళ్ళకి నీళ్ళిచ్చి, లోపల ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు. ఏం అడగాలో చెప్పేవాళ్ళు. వార్డు బాయ్‌లు తరిమారు. ఒక పెద్ద డాక్టరు వచ్చి, మీరు చదువుకి అడ్డం పడుతున్నారన్నాడు. అత్తయ్య లేచి నిలబడి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "కోయొద్దని మేం అనలేదండి. చట్టం అన్నాక కోస్తారు. కోసింది లోపల పెట్టి కుట్టండి. పెట్టకపోతే చెప్పండి. ఉంచుకోవాలంటే అడగండి. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. అడిగితే నేను ఇచ్చేదాన్నేమో మీకేం తెలుసు?" ఆయన ఆ రోజు బెంచీ మీద నుంచి ఎవరినీ లేపలేదు.

ఒకసారి మాత్రం ఆవిడ ఓడిపోయింది. బాపట్ల వైపు నుంచి చిన్న వయసు పిల్ల ఒకతె వచ్చింది, చంటిబిడ్డ పోయిన తల్లి. ఎవరితోనూ మాట్లాడకుండా గోడకి ఆనుకుని నిలబడింది. అత్తయ్య పక్కకి వెళ్ళి మామూలుగానే అంతా చెప్పింది. ఆ పిల్ల విన్నది. విని, చెవులు మూసుకుని అరిచింది. "నాకెందుకు చెప్పావు? నిన్నెవరు చెప్పమన్నారు? తెలియకపోతే ఎత్తుకుని పోయేదాన్నిగా! ఇప్పుడు ఎట్టా ఎత్తుకోను?"

రైల్లో అత్తయ్య కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. వేమూరు దాటాక అంది. "నేనూ అడక్కుండానే చేశాను కదే." చాలా రోజులు బెంచీ దగ్గరికి వెళ్ళలేదు. ఇక మానేస్తుందనుకున్నాను, మానేస్తే బాగుండునని కూడా అనుకున్నాను, ఎందుకంటే ఆ పిల్ల అరుపు నన్ను బళ్ళో పాఠం మధ్యలో కూడా పట్టుకునేది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి నీళ్ళ గ్లాసు చేతికిచ్చి ముందు ఒకటే అడిగేది. "అమ్మా, లోపల ఏం చేస్తారో నాకు తెలుసు. చెప్పమంటావా, వద్దా?" వద్దన్న వాళ్ళ పక్కన ఊరికే కూర్చునేది. వద్దన్నవాళ్ళు కూడా చాలామందే ఉండేవాళ్ళు.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయి తెనాలి వచ్చేశాను. చిన్నపిల్లకీ పెళ్ళయింది, అల్లుడు రేపల్లెలోనే ఉండిపోయాడు. మాకు గుండె సంగతి చెప్పి, తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయిన ఆ డాక్టరు కొన్నాళ్ళకి పెద్ద హోదాలో తిరిగి అక్కడికే వచ్చాడు. బెంచీ మీద ఉన్న ఆవిడని గుర్తుపట్టి లోపలికి పిలిచాడు. ఇక నుంచి ఇంటివాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటేనే ఉంచుకుంటామని, ఆ మాట తెలుగులో రాసి చదివి వినిపిస్తామని చెప్పాడు. రాసి పెట్టమని నన్నే అడిగారు. నేను రాత్రంతా కూర్చోకపోయినా, శ్రద్ధగానే రాశాను. మృతదేహము, అవయవములు, సమ్మతి అని. అత్తయ్య విని, "ఇది బళ్ళో ఇనస్పెక్టరుకి చదువు," అంది. మృతదేహం కొట్టేయించి మీ మనిషి అని రాయించింది. అవయవములు అంటే ఎవరికి తెలుస్తుంది, ఏది తీస్తే దాని పేరు రాయమంది. గుండె అని నేను రాస్తుంటే నా కలం వంకే చూస్తూ కూర్చుంది. తడబడకుండా రాశాను.

ఆ కాయితం ఇవ్వడానికి వెళ్ళిన రోజే డాక్టరు ఇంకో మాట చెప్పాడు. అబ్బాయి గుండెని తిరిగి ఇచ్చేయడానికి పైనుంచి ఒప్పుదల తెచ్చానన్నాడు. అత్తయ్య లేచి నిలబడి, కొంగు సర్దుకుంది. పుట్టింటి వాళ్ళు తీసుకుపోవడానికి వస్తే ఆడపిల్ల అలా సర్దుకుంటుంది. ఆయన మమ్మల్ని ఒక పాత గదికి తీసుకెళ్ళి చెక్క అరల ముందు నిలబెట్టాడు. ఒక వానాకాలం ఆ గది కప్పు కారిందట. జాడీలకి అంటించిన కాయితాలు తడిసి ఊడిపోయాయట. అలాంటి లోపమే ఉన్న గుండెలు మూడున్నాయి. "ఈ మూడింట్లో ఒకటి మీ అబ్బాయిదమ్మా. ఏదో చెప్పలేను. మీకు ఏదో ఒకటి ఇచ్చి ఇదేనని చెప్పొచ్చు. కానీ మీకు నేను అబద్ధం చెప్పను."

అత్తయ్య చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క జాడీ మీద అరచెయ్యి ఆనించింది. తల్లికి తెలుస్తుందంటారు. తెలియలేదు. ఆ ముఖం నేను చూశాను, తెలియలేదు.

నేనే అన్నాను. "మూడూ తీసుకుందాం అత్తయ్యా. పెనుమూడి రేవులో మూడింటినీ కలిపేద్దాం. వాడు ఎటూ అందులో ఉంటాడు." డాక్టరు కూడా తల ఊపాడు. ఆయన కళ్ళలో బతికిపోయానన్న ఆశ కనపడింది.

"మిగతా ఇద్దరి తల్లుల్ని అడిగావా?" అంది అత్తయ్య.

వాళ్ళెవరో ఎవరికీ తెలియదు.

"అడక్కుండా ఎట్టా పట్టుకుపోతానే?"

అంతే. ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది. ఇన్నేళ్ళూ దేని కోసం తిరిగిందో అది చేతికందే దూరంలో ఉంటే వదిలేసి వచ్చింది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. బండిలో ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "కోప్పడకే. వాడొక్కడే లేడుగా అక్కడ," అంది.

ఆ తర్వాత ఏటా వాడు పోయిన తిథికి అక్కడికి వెళ్ళేది. డాక్టరు గది తాళం తీయించేవాడు. మూడు జాడీల ముందు నిలబడి ఊళ్ళో సంగతులు చెప్పేది. కాలవకి నీళ్ళు వదిలారని, చెల్లికి ఆడపిల్ల పుట్టిందని, బాపట్ల బండి వేళలు మార్చారని. ఒకదానితో చెప్పినట్టు ఇంకోదానితో చెప్పేది. ఎవరికీ తక్కువ చెయ్యలేదు. నేను బయట నిలబడేదాన్ని. ఆ గదిలో ఆవిడ గొంతు ఆగినప్పుడల్లా ఎవరో బదులు చెబుతున్నంత సేపు ఆగేది. అదే నాకు భయం. ఇప్పటికీ ఒక్కోసారి ఆ ఆగడం వినపడుతుంది.

మొన్న పెద్దదినానికి రేపల్లె వెళ్ళాను. అడవులదీవి ఆవిడ వచ్చింది, కర్ర ఊతతో గార్డు గారు వచ్చారు. భోజనాలయ్యాక అత్తయ్య కూతురు నా పక్కన కూర్చుని, చావు కబురు అందవలసిన వాళ్ళందరికీ అందినట్టే కదా అక్కా అని వేళ్ళు మడుస్తూ చుట్టాల ఊళ్ళన్నీ చెప్పింది. అన్నీ చెప్పి, ఒక వేలు తెరిచే ఉంచి నా వంక చూసింది. ఆ మేడలో ఉన్న వాళ్ళన్నకి ఎవరూ చెప్పలేదు.

నిన్న ఆ మేడకి వెళ్ళాను. డాక్టరు గారే స్వయంగా తాళం తీసి, తను బయటే ఉండిపోయారు. నేను ఆ గది గుమ్మం దాటడం జాడీలు చూపించిన రోజు తర్వాత అదే మొదటిసారి. ఆవిడకి కొడుకు ఎవరో చివరిదాకా తెలియలేదు, నాకెలా తెలుస్తుంది? మీ అమ్మ పోయిందని మూడింటికీ చెప్పడానికి లేదు. మిగతా ఇద్దరి తల్లులు ఎక్కడో బతికే ఉన్నారేమో. అందుకని ఒక్కొక్క జాడీ ముందుకీ వెళ్ళి, "రేపల్లె నుంచి వచ్చే అమ్మ ఇక రాదు నాయనా," అని విడివిడిగా చెప్పాను. వెనక్కి అడుగు వేస్తే పాత చెక్క అర కదిలింది. మూడు జాడీల్లోనూ నీళ్ళు ఊగాయి. అవి నిలకడపడే దాకా అక్కడే నిలబడ్డాను.